ఐరిష్ పంచాంగంలో మదనపల్లె

ఐర్లండ్ చరిత్రలో కొన్ని తేదీలకు మహాపురుషులకున్నంత ప్రసిద్ధి ఉంది. 1690లో బాయిన్ నది ఒడ్డున ప్రొటెస్టెంటు రాజు మూడవ విలియం కాథలిక్కు రాజు రెండవ జేమ్స్‌ను ఓడించిన విజయాన్ని ఉత్తర ఐర్లండ్ ప్రొటెస్టెంట్లు నేటికీ జులై 12న ఊరేగింపులతో స్మరించుకుంటారు. జేమ్స్ జాయిస్ తన ‘యులిసిస్’ నవల కథను 1904 జూన్ 16 అనే ఒక్క రోజులో నడిపినందువల్ల ఆ తేదీ సాహిత్యాభిమానులకు పండుగ దినమైంది. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ పండుగ మరునాటి సోమవారం, కొందరు జాతీయవాదులు డబ్లిన్ నగరంలో ఆయుధాలు పట్టి గణతంత్రాన్ని ప్రకటించడంతో ఆ దేశపు స్వాతంత్ర్యపోరాటం మలుపు తిరిగింది. ఈ మూడు తేదీలకూ ఏదో ఒక విధంగా దగ్గరివాడైన కవి ఒకడు నాటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసి, చివరికి ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ చరిత్ర ఆయన చరిత్రకంటే పెద్దది, మదనపల్లెలో మాత్రం ఆయన పేరు చాటునే వినిపిస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతానికి ఐరిష్‌వాళ్లతో పరిచయం కలగడం కజిన్స్ దంపతులతో మొదలు కాలేదు. 1791 ఫిబ్రవరిలో టిప్పు సుల్తానుపై బెంగుళూరుకు దండెత్తి వెళ్తూ మొగిలి కనుమ గుండా పలమనేరు పీఠభూమికి ఎక్కిన గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ఇంగ్లీషువాడే అయినా, ఏడేళ్ల తర్వాత ఐర్లండ్‌కు వైస్రాయిగా వెళ్లి అక్కడి 1798 తిరుగుబాటును అణచివేసినవాడు, 1801 జనవరి 1న అమలులోకి వచ్చి ఐర్లండ్ పార్లమెంటును రద్దు చేసిన విలీన చట్టానికి వెన్నుదన్నుగా నిలిచినవాడూ ఆయనే. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో నిజాం బళ్లారి, కడప తదితర ప్రాంతాలను, అంటే తర్వాతి కాలంలో దత్తమండలాలుగా పేరుపడ్డ నేలను, ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినప్పుడు గవర్నర్ జనరల్‌గా ఉన్న రిచర్డ్ వెల్లెస్లీ ఐర్లండ్‌లోని మీత్ ప్రాంతపు జమీందారీ కుటుంబంలో పుట్టినవాడు. మదనపల్లె ఆ దత్తమండలాల్లోని కడప జిల్లాకు చెందగా, పుంగనూరు జమీందారీ, కుప్పం ముఖ్యపట్టణంగా గల కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడ్డాకనే ఈ మూడూ ఒకే జిల్లా కిందికి వచ్చాయి. అంతవరకు ఇక్కడికి వచ్చిన ఐరిష్ సంబంధమంతా పాలకుల వైపునుంచే వచ్చింది.

పాలితుల వైపునుంచి వచ్చిన సంబంధానికి మూలం ఐరిష్ రాజకీయాల్లోనే ఉంది. విలీన చట్టంతో లండన్ పార్లమెంటుకు లోబడిన ఐర్లండ్‌కు సొంత శాసనసభ కావాలన్న ఉద్యమాన్ని ‘హోంరూల్’ అన్నారు. స్వపరిపాలన అని తెలుగులో చెప్పుకునే ఆ మాటను ఊతంగా తీసుకుని ఐజక్ బట్ అనే న్యాయవాది 1873లో హోంరూల్ లీగును నెలకొల్పాడు. ఆ ఉద్యమానికి చెందిన పార్లమెంటు సభ్యుడు, డబ్లిన్‌వాడైన ఆల్‌ఫ్రెడ్ వెబ్ 1894 డిసెంబరులో మద్రాసులో జరిగిన భారత జాతీయ కాంగ్రెస్ సభలకు అధ్యక్షత వహించాడు. తల్లి వైపున ఐరిష్ రక్తం గల అనీబిసెంట్ 1916 సెప్టెంబరులో మద్రాసు కేంద్రంగా తన లీగును స్థాపించినప్పుడు పేరునూ పద్ధతినీ ఐర్లండ్ నుంచే తెచ్చుకున్నది. ఆంధ్ర ప్రాంతంలో ఆ లీగు పనిని భుజాన వేసుకున్నవాడు కర్నూలు జిల్లావాడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలుగా, అంటే సర్వమతాల సారం ఒక్కటేనని నమ్మి మద్రాసు అడయారు నుంచి పనిచేసే సంఘానికి పెద్దగా, ఆమె 1915లో మదనపల్లెలో కళాశాలను నెలకొల్పింది. రాయలసీమలో అనంతపురం ప్రభుత్వ కళాశాల మొదలైన 1916కు అది ఒక ఏడాది ముందు. ఊరి సమీపంలోని ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి తలుపులు తెరిచిన సంవత్సరమూ 1915 కావడం వల్ల, ఒక తాలూకా పట్టణానికి ఒకే ఏడాదిలో చదువూ వైద్యమూ రెండూ పెద్ద ఎత్తున వచ్చినట్టయింది.

దివ్యజ్ఞాన సమాజానికి మదనపల్లె కొత్త ఊరు కాదు. సమాజ సభ్యుడు, రెవెన్యూ ఉద్యోగి అయిన జిడ్డు నారాయణయ్య ఇంట 1895 మే నెలలో తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఈ ఊళ్లోనే పుట్టాడు. అర్ధరాత్రి దాటాక జరిగిన ఆ జననాన్ని పాశ్చాత్య గణన ప్రకారం మే 12గా, సూర్యోదయంతో రోజు మారే మన లెక్క ప్రకారం మే 11గా రాస్తారు. తేదీల చరిత్రలో ఇటువంటి పేచీలు తప్పవు. ఈస్టర్ తిరుగుబాటు స్మరణను సైతం ఐరిష్ ప్రభుత్వం ఏప్రిల్ 24న జరపదు, ఏటా మారే ఈస్టర్ ఆదివారాన్ని బట్టి జరుపుతుంది. తిథిని బట్టి పండుగ చేసుకునేవారికి ఇందులో వింతేమీ ఉండదు.

జేమ్స్ కజిన్స్ 1873 జులై 22న బెల్‌ఫాస్ట్ నగరంలో, జులై 12 ఊరేగింపులను సొంత పండుగగా భావించే ప్రొటెస్టెంటు సమాజంలో, సామాన్య కుటుంబంలో పుట్టాడు. ఆ వాతావరణం నుంచి డబ్లిన్‌కు వచ్చి, డబ్ల్యు.బి. యేట్స్, జార్జ్ రసెల్ వంటివారు నడిపిన ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనంలో, అంటే ఇంగ్లీషు పెత్తనం కింద మరుగునపడ్డ కెల్టిక్ గాథలను కవిత్వంలోకీ నాటకంలోకీ తిరిగి తెచ్చిన ఉద్యమంలో, కవిగా, నాటకకర్తగా చోటు సంపాదించుకున్నాడు. 1903లో రాస్‌కామన్ ప్రాంతంలోని బాయిల్ అనే ఊరికి చెందిన మార్గరెట్ గిల్లెస్పీని పెళ్లాడాడు. 1878 నవంబరు 7న పుట్టిన ఆమె సంగీతంలో పట్టభద్రురాలు. దంపతులిద్దరూ శాకాహారులు కావడం ఆనాటి డబ్లిన్‌లో వింతగా కనిపించేది. ఇంటి అద్దె కట్టలేక అవస్థ పడుతున్న యువకుడు జాయిస్ 1904 జూన్‌లో శాండీమౌంట్ తీరంలోని వారి ఇంట్లో కొద్దిరోజులు తలదాచుకున్నాడు గానీ, ఆ భోజనం అతనికి పడలేదు. ఎనిమిదేళ్ల తర్వాత రాసిన ఒక వ్యంగ్య కవితలో ఆతిథ్యమిచ్చిన కజిన్స్‌ను సైతం అతను వదిలిపెట్టలేదు. ‘యులిసిస్’ తేదీకి కజిన్స్ ఇంటితో ఉన్న సంబంధం ఇంతమాత్రమే.

మార్గరెట్ మార్గం వేరు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఆమె ఐరిష్ మహిళా ఓటుహక్కు లీగును స్థాపించింది. 1910లో లండన్‌లో జరిగిన నిరసనలో పాల్గొన్నందుకు హాలోవే జైలులో ఒక నెల శిక్ష అనుభవించింది. 1913 జనవరిలో డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు టల్లమోర్ జైలుకు వెళ్లి, రాజకీయ ఖైదీ హోదా కోసం నిరాహారదీక్ష చేసింది. భారతదేశానికి వచ్చేనాటికి ఆమె వయస్సు సుమారు 37 సంవత్సరాలు. పిటిషన్ రాయడం, ప్రతినిధివర్గాన్ని కూర్చడం, అవసరమైతే జైలుకు పోవడం అన్నీ చేతికి వచ్చిన విద్యలే.

1915లో అనీబిసెంట్ పిలుపుపై దంపతులు మద్రాసు చేరారు, జేమ్స్ ఆమె నడిపే ‘న్యూ ఇండియా’ దినపత్రికలో సాహిత్య ఉపసంపాదకుడయ్యాడు. మరుసటి ఏడాది ఈస్టర్ వారం వచ్చింది. తిరుగుబాటు ఏప్రిల్ 29న లొంగుబాటుతో ముగిసినా, బ్రిటిష్ సైన్యం మే 3 నుంచి నాయకులను వరుసగా కాల్చి చంపడంతో అంతకుముందు పెదవి విరిచిన ఐరిష్ ప్రజలు సైతం వారిని అమరులుగా చూడసాగారు. మొదటి రోజు చనిపోయినవారిలో బడి నడిపే కవి పాట్రిక్ పియర్స్, విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పే కవి థామస్ మెక్‌డొనా ఉన్నారు. డబ్లిన్ సాహిత్యలోకంలో తిరిగిన కజిన్స్‌కు ఆ పేర్లు ఎరిగినవే. మెక్‌డొనా దగ్గర చదువుకున్న తెలుగు విద్యార్థి ఒకడు అప్పుడు డబ్లిన్‌లోనే ఉన్నాడు. బరంపురం నుంచి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లిన వరాహగిరి వేంకటగిరి తిరుగుబాటుదారులతో సంబంధం ఉందన్న అనుమానానికి గురై, 1916 జులై నాటికి దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. తిరిగి వచ్చి అనీబిసెంట్ హోంరూల్ ఉద్యమంలో చేరిన ఆ యువకుడు 1969 ఆగస్టు 24న భారత రాష్ట్రపతి అయ్యాడు.

ఈస్టర్ తిరుగుబాటుదారులను మెచ్చుకుంటూ కజిన్స్ ‘న్యూ ఇండియా’లో ఒక వ్యాసం రాశాడు. 1910 నాటి పత్రికా చట్టం ప్రకారం పత్రికాధిపతుల నుంచి ధరావతు, అంటే హామీగా కట్టించుకునే సొమ్ము, వసూలు చేసి, రాత నచ్చకపోతే దాన్ని జప్తు చేసుకునే అధికారం ప్రభుత్వానికి ఉండేది. ఆ ఏడాదిలోనే అనీబిసెంట్ మొదట 2,000 రూపాయలు కట్టి, అది జప్తు అయ్యాక 10,000 రూపాయలు కట్టవలసి వచ్చింది. యుద్ధకాలంలో సామ్రాజ్యంపై కత్తి దూసినవారిని పొగిడే ఉపసంపాదకుణ్ణి ఉంచుకుంటే పత్రికే మూతబడేది. ఆమె ఆయనను పత్రికనుంచి తప్పించింది, ఆ తర్వాత మదనపల్లె కళాశాలకు పంపింది. అందువల్ల మదనపల్లెకు ఐరిష్ కవి రావడాన్ని దైవఘటనగానో ఆధ్యాత్మికాన్వేషణగానో చెప్పే కథలకంటే, డబ్లిన్ కాల్పులూ మద్రాసు పత్రికా చట్టమూ కలిసి తెచ్చిన బదిలీగా చెప్పడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. మదనపల్లె రోజుల్లోనే 1917లో ఆయన పుస్తకం ‘న్యూ వేస్ ఇన్ ఇంగ్లిష్ లిటరేచర్’ వెలువడింది. దానిపై సమీక్షగా మొదలుపెట్టిన రచనే అరవిందులవారి చేతిలో ‘ది ఫ్యూచర్ పొయెట్రీ’ అనే పెద్ద గ్రంథంగా పెరిగింది.

రాజకీయాల సెగ కళాశాలకూ తగిలింది. 1917 జూన్‌లో మద్రాసు ప్రభుత్వం అనీబిసెంట్‌ను ఉదకమండలంలో నిర్బంధించి, దేశవ్యాప్తంగా ఆందోళన చెలరేగాక సెప్టెంబరులో విడిచిపెట్టింది. అదే ఏడాది ఆమె జాతీయ విద్యాభివృద్ధికి ఒక సంఘాన్ని పెట్టి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలతో ప్రమేయం లేని జాతీయ విశ్వవిద్యాలయాన్ని అడయారులో రూపొందించగా, దానికి కులపతిగా ఉండటానికి రవీంద్రనాథ ఠాకూర్ అంగీకరించాడు. మదనపల్లె కళాశాల ఆ గొడుగు కిందికి చేరింది. 1919 ఫిబ్రవరి చివర దక్షిణాది పర్యటనలో అలసిన ఠాకూర్ కొద్దిరోజుల విశ్రాంతికి ఈ ఊరిని ఎంచుకోవడానికి హార్సిలీ కొండ గాలి ఎంత కారణమో, కులపతిగా తన కళాశాలను చూడవలసిన బాధ్యతా అంతే కారణం కావచ్చు. మరొక సంబంధమూ ఉంది. యేట్స్ ముందుమాటతో 1912లో ఇంగ్లీషు గీతాంజలి వెలువడ్డాక, 1913 మే 17న డబ్లిన్‌లోని అబ్బే నాటకశాలలో ఠాకూర్ ‘పోస్టాఫీసు’ నాటకాన్ని పియర్స్ రాసిన నాటకంతో జతగా, పియర్స్ నడిపే బడి సహాయార్థం ఆడారు. ఆ పియర్స్‌ను మెచ్చుకున్న నేరానికి మద్రాసు వదిలి వచ్చిన కవి ఇంట, ఆ ఠాకూర్ అతిథి అయ్యాడు.

కళాశాల ఆవరణలో అధ్యాపకులూ విద్యార్థులూ సాయంకాలం కూడి పాటలు పాడుకునే అలవాటు ఉండేది. కజిన్స్ తర్వాతి కాలంలో రాసిన జ్ఞాపకాల ప్రకారం, ఆ కూటమిలో ఠాకూర్ తానూ ఒక పాట పాడతానని అంత పెద్ద మనిషికి ఉంటుందనుకోని సన్నని గొంతుతో ‘జనగణమన’ అందుకున్నాడు. మొదట దేశాల, కొండల, నదుల పేర్ల పట్టికలా అనిపించిన ఆ పాట, పల్లవి తిరిగి వచ్చేసరికి వింటున్నవారిని పట్టేసింది. మళ్లీ మళ్లీ పాడించుకుని వారూ గొంతు కలిపారు. తర్వాత మార్గరెట్ కవి చెంత కూర్చుని ఆ పాటకు పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి, అంటే ఏ స్వరం ఎంతసేపు పలకాలో గుర్తులతో చూపే లిపి, సిద్ధం చేసింది. కవి తన పాటను తానే ఇంగ్లీషులోకి అనువదించి, ‘భారత ప్రభాత గీతం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి, 1919 ఫిబ్రవరి 28 తేదీతో తన దస్తూరిలోనే కళాశాలకు ఇచ్చాడు.

జాతీయగీతానికి బాణీ మదనపల్లెలోనే కట్టారని ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం ఉంది. దాన్ని అలాగే ఒప్పుకోవడం కష్టం. ఆ పాటను 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. బాణీ లేకుండా పాట పాడరు. మదనపల్లెలో జరిగింది కవి స్వయంగా కూర్చిన రాగాన్ని అన్య సంగీత సంప్రదాయంవారు సైతం వాయించుకోగల విధంగా కాగితంపై పెట్టడం, అర్థాన్ని అన్య భాషవారికి అందించడం. ఈ రెండు పనులూ చిన్నవి కావు, వాటిని బాణీగా పెంచి చెప్పవలసిన అవసరమూ లేదు. ఈ పాటనే దేశానికి జాతీయగీతంగా అధికారికంగా ఖాయపరచాలని 1937లో పత్రికాముఖంగా లేఖ రాసి వాదించినవాడు కూడా కజిన్సే. ఆ సంగతి బాణీ కథంతగా ప్రచారంలోకి రాకపోవడం విచారించదగ్గది.

ఆ సాయంకాలానికి ఐదు వారాల ముందు, 1919 జనవరి 21న, ఐరిష్ ప్రతినిధులు లండన్ పార్లమెంటును కాదని డబ్లిన్‌లో తమ సొంత శాసనసభను మొదటిసారి సమావేశపరిచారు. ఆరు వారాల తర్వాత, ఏప్రిల్ 13న, అమృత్‌సర్ జలియన్‌వాలా బాగులో డయ్యర్ కాల్పులు జరిపించాడు. డయ్యర్ కొంతకాలం చదువుకున్నది ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో. ఆ కాల్పులను సమర్థించిన పంజాబు లెఫ్టినెంటు గవర్నర్ మైకేల్ ఓ డ్వయర్ టిప్పరేరీలో పుట్టిన ఐరిష్ కాథలిక్కు. పుట్టుకను బట్టి మనిషి పక్షం తేలదని చెప్పడానికి 1919 వసంతంలో మదనపల్లె, అమృత్‌సర్‌లను పక్కపక్కన పెడితే చాలు.

మార్గరెట్ చేసిన పెద్ద పని స్వరలిపి కాదు. 1917 మే 8న అడయారులో స్థాపించిన భారత మహిళా సంఘం వెనుక అనీబిసెంట్, డొరతీ జినరాజదాసలతో పాటు ఆమె ఉంది. రాజకీయ సంస్కరణలపై అభిప్రాయాలు సేకరించడానికి వచ్చిన భారత వ్యవహారాల మంత్రి మాంటేగ్‌ను 1917 డిసెంబరు 18న మద్రాసులో కలిసి మహిళలకు ఓటు అడిగిన ప్రతినిధివర్గానికి సరోజినీ నాయుడు నాయకత్వం వహించింది. దాన్ని కూర్చినది మార్గరెట్. 1919 చట్టం ఆ ప్రశ్నను రాష్ట్ర శాసనసభలకు వదిలిపెట్టగా, మద్రాసు శాసనసభ 1921లో ఆస్తి అర్హతలున్న మహిళలకు బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అన్నిటికంటే ముందుగా ఓటిచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నీ ఆ మద్రాసు రాష్ట్రంలోనివే గనుక, ఈ ప్రాంతపు స్త్రీలలో మొదట ఓటు పొందినవారికి ఆ హక్కు వచ్చినది ఈ దారినే. తర్వాత మద్రాసులో ఆమె గౌరవ మేజిస్ట్రేటుగా పనిచేసింది. 1927 జనవరిలో పుణేలో అఖిల భారత మహిళా సభను సమావేశపరచడంలో ముఖ్యపాత్ర వహించింది. 1932లో సత్యాగ్రహులపై తెచ్చిన అత్యవసర చట్టాలను బహిరంగంగా ఖండించినందుకు ఏడాది శిక్షపడి వెల్లూరు జైలుకు వెళ్లింది. హాలోవే, టల్లమోర్‌ల తర్వాత అది ఆమెకు మూడవ జైలు, మూడవ దేశం.

జేమ్స్ మధ్యకాలంలో జపాను, అమెరికాల్లో అధ్యాపకుడిగా పనిచేసి, 1933లో తిరిగి మదనపల్లె కళాశాల ప్రిన్సిపాలై 1937 వరకు ఉన్నాడు. అటు తర్వాత తిరువాన్కూరు సంస్థానానికి కళా సలహాదారుగా చాలాకాలం గడిపాడు. మైసూరు, తిరువనంతపురం చిత్రశాలల ఏర్పాటులోనూ ఆయన చేయి ఉంది. దంపతులిద్దరూ కలిసి రాసిన ఆత్మకథ ‘వియ్ టూ టుగెదర్’ 1950లో మద్రాసులో అచ్చయింది. అదే ఏడాది జనవరి 24న రాజ్యాంగసభ ‘జనగణమన’ను జాతీయగీతంగా ప్రకటించింది, మరి రెండు రోజులకు రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అందులోని ఆదేశిక సూత్రాలు, అంటే న్యాయస్థానం ద్వారా అమలు చేయించుకోలేకపోయినా ప్రభుత్వం లక్ష్యంగా పెట్టుకోవలసిన నియమాలు, 1937 నాటి ఐరిష్ రాజ్యాంగాన్ని చూసి రాసుకున్నవి. పక్షవాతంతో 1944 నుంచి మంచాన పడ్డ మార్గరెట్ ఆ గీతాన్నీ ఆ రాజ్యాంగాన్నీ చూసి, 1954 మార్చి 11న మరణించింది. జేమ్స్ 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలో మరణించాడు.

మదనపల్లె తన చరిత్రను తేదీలతో రాసుకునేటప్పుడు ఫిబ్రవరి 28తో తృప్తిపడటం సరిపోదు. ఆ కళాశాలకు ఐరిష్ కవిని తెచ్చిన ఏప్రిల్ 24, ఆ కవి భార్య ఈ ప్రాంతపు స్త్రీలకు ఓటు దారి వేసిన మే 8, డిసెంబరు 18 కూడా ఆ పట్టికలోకి ఎక్కాలి. ఆ పని స్థానిక చరిత్రకారులే చేయాలి.